ఉక్కు మర్మము నెఱిగిన చెర్నోవ్

ఫిరంగి గొట్టము పగిలినచో శత్రువునకు హాని లేదు; దాని ప్రక్కన నిలిచిన సైనికుడే ముందుగా మరణించును. 1860 తరువాతి సంవత్సరములలో రష్యా రాజధానియైన సెంట్ పీటర్సుబర్గు నగరమునందలి ఒబుఖోవ్ ఉక్కు కర్మాగారమును ఈ బెడద పీడించుచుండెను. ఒకే విధమైన ఉక్కుతో చేసిన రెండు ఫిరంగులలో ఒకటి ఎన్ని గుండ్లు పేల్చినను చెక్కుచెదరకుండెను. మఱియొకటి పరీక్షలోనే వ్రయ్యలగుచుండెను. రసాయన పరీక్షలో రెండింటికిని భేదము కానరాలేదు.

ఈ చిక్కును విప్పినవాడు ద్మిత్రీ చెర్నోవ్. అతడు 1839వ సంవత్సరమున ఆ నగరమందే ఒక వైద్యసహాయకుని యింట జన్మించెను. 1858లో సాంకేతిక విద్య ముగించి, కొంతకాలము టంకశాలలోను, పిదప తాను చదివిన విద్యాలయములోను పనిచేసి, 1866లో ఒబుఖోవ్ కర్మాగారపు సమ్మెటశాలకు ఇంజనీరుగా వచ్చెను.

చెర్నోవ్ పగిలిన తునకలను శ్రద్ధగా పరిశీలించెను. వాని లోపలి భాగము ముతక ఇసుకవలె పెద్ద రేణువులతో నుండెను. చెడక నిలిచిన గొట్టముల ఉక్కులో రేణువులు మిక్కిలి సన్నముగా నుండెను. పదార్థ మొకటియే అయినపుడు కూర్పులో ఈ భేదమెట్లు కలిగెను? కొలిమి వేడియందే కారణమున్నదని అతడు తలచెను.

అంతటి వేడిని సరిగా కొలుచు సాధనము ఆ కాలమున లేదు. కాలిన ఉక్కు రంగే కొలబద్ద. ఆ రంగును కనిపెట్టుచు చెర్నోవ్ రెండు ముఖ్యస్థానములను గుర్తించెను. మొదటిది ఉక్కు ముదురు ఎఱుపు నొందుచోటు, అనగా సుమారు 700 డిగ్రీల సెంటీగ్రేడు. అంతకు లోపల కాచిన ఉక్కును ఎంత త్వరగా చల్లార్చినను అది గట్టిపడదు. రెండవది ఉక్కు రకమును బట్టి మారును. సాధారణముగా 800 డిగ్రీలకు ఇటునటు. అచ్చట పాత ముతక రేణువులు నశించి, సన్నని క్రొత్త రేణువులు పుట్టును. అంతకు మించి కాచినకొలదియు అవి మరల పెరుగును. వినుటకిది స్వల్పముగా తోచును గాని, కంటితోనే ఈ హద్దులను పట్టుటకు ఎంత ఓర్పు కావలెనో ఊహింపుడు.

కావున ఉక్కును సాగగొట్టి, ఇంకను తెల్లగా మండుచుండగనే విడిచినచో, అది చల్లారులోపల ముతకబారును. వేడి తగ్గి రెండవ స్థానమునకు చేరువగువఱకు సమ్మెట దెబ్బలు తిన్న గొట్టము సన్నని కూర్పుతో బలముగా నిలుచును. ముతకబారిన దానినైనను ఆ స్థానమును కొంచెము దాటునట్లు మరల కాచి, త్వరగా చల్లార్చి బాగుచేయవచ్చును. చెర్నోవ్ ఈ సంగతులను 1868లో రష్యా సాంకేతిక సంఘమునకు వివరించెను. ఫ్రాన్సు దేశీయుడగు ఆస్మాండు తరువాత ఉష్ణమాపకముతో పరీక్షించి, ఆ స్థానములు నిజమని తేల్చెను.

ఉరుళ్ళ నడుమ ఉక్కు నొత్తి పలకలు తీయువారికిని ఇదియే సూత్రము. రేణువుల హద్దులు పగులునకు అడ్డుగోడల వంటివి. రేణువులు సన్నమైనకొలది గోడలు హెచ్చును. అందుచేతనే ఓడలకును వంతెనలకును కావలసిన పలకలు చివరిసారి ఉరుళ్ళ నడుమ పోవునపుడు ఎంత వేడి యుండవలెనో నేడు ముందుగనే నిర్ణయింతురు.

చెర్నోవ్ 1880లో ఒబుఖోవ్ విడిచి, కొన్ని యేండ్లు దక్షిణ ప్రాంతమున ఉప్పు గనులు వెదకెను. 1889లో ఫిరంగిదళ విద్యాలయమున ఆచార్యుడయ్యెను. వయొలిన్లను స్వయముగా చేసి వాయించుట అతనికి ప్రీతి. అతడు 1921లో యాల్టా పట్టణమున మరణించెను.