సత్యేంద్రనాథ్ బోస్

సత్యేంద్రనాథ్ బోస్ (జనవరి 1, 1894 – ఫిబ్రవరి 4, 1974) ప్రముఖ భారతీయ భౌతిక శాస్త్రవేత్త, గణితవేత్త. కాంతి కణాలను లెక్కించడానికి ఈయన 1924లో ప్రవేశపెట్టిన పద్ధతి బోస్-ఐన్‌స్టీన్ సాంఖ్యకంగా ప్రసిద్ధి చెందింది. ఆ సాంఖ్యకాన్ని అనుసరించే కణాలన్నిటినీ ఈయన పేరు మీద బోసాన్లు అంటారు. కణ భౌతిక శాస్త్రంలో నిత్యం వాడబడే ఈ పదం ఒక్క కణానికి పెట్టిన పేరు కాదు, ఒక జాతి కణాలకు పెట్టిన పేరు.

బాల్యం, విద్యాభ్యాసం

బోస్ కలకత్తా నగరంలో జన్మించాడు. తండ్రి సురేంద్రనాథ్ బోస్ ఈస్ట్ ఇండియన్ రైల్వేలో ఉద్యోగి. తల్లి ఆమోదినీ దేవి. ఏడుగురు సంతానంలో సత్యేంద్రనాథ్ పెద్దవాడు. తరువాతి ఆరుగురూ ఆడపిల్లలే. హిందూ స్కూలులో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. అక్కడ జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి ఉద్దండులు ఆయనకు గురువులు. మేఘనాథ్ సాహా సహాధ్యాయి. 1915లో గణితంలో ఎం.ఎస్సీ. పరీక్షలో బోస్ ప్రథమ స్థానంలోనూ, సాహా ద్వితీయ స్థానంలోనూ నిలిచారు.

1916లో ఇద్దరూ కలకత్తా విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాలలో అధ్యాపకులయ్యారు. కొత్త భౌతిక శాస్త్రమంతా ఆనాడు జర్మన్ భాషలోనే వెలువడుతూ ఉండేది. మిత్రులిద్దరూ జర్మన్ నేర్చుకొని, సాపేక్షతా సిద్ధాంతంపై ఐన్‌స్టీన్ రాసిన పత్రాలను ఆంగ్లంలోకి అనువదించారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ పరిచయంతో ఆ గ్రంథాన్ని కలకత్తా విశ్వవిద్యాలయం 1920లో ప్రచురించింది.

ఢాకా, 1924 నాటి పత్రం

1921లో కొత్తగా ఏర్పడిన ఢాకా విశ్వవిద్యాలయంలో బోస్ రీడరుగా చేరాడు. వేడెక్కిన వస్తువు నుంచి వెలువడే వికిరణానికి మాక్స్ ప్లాంక్ 1900లో ఇచ్చిన సూత్రం ప్రయోగ ఫలితాలతో చక్కగా సరిపోయేది. కానీ దానిని రాబట్టే తీరులో ఒక లోపం ఉండేది. సగం దూరం పాత తరంగ సిద్ధాంతాన్ని, సగం దూరం కొత్త క్వాంటం భావనను ఆశ్రయించక తప్పేది కాదు. విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు బోస్‌ను ఈ లోపం బాధించింది. కాంతిని కేవలం కణాల సముదాయంగా భావించి, ఆ కణాలను కొత్త రీతిలో లెక్కిస్తే ప్లాంక్ సూత్రం దానంతట అదే వస్తుందని ఆయన చూపాడు.

1924 జూన్ 4న ఆ పత్రాన్ని ఒక లేఖతో జతచేసి బెర్లిన్‌లోని ఐన్‌స్టీన్‌కు పంపాడు. ముప్పై ఏళ్ళ ఆ ఉపాధ్యాయునికి డాక్టరేటు లేదు, ఐన్‌స్టీన్‌తో ముఖపరిచయమూ లేదు. ఐన్‌స్టీన్ దాని విలువను గుర్తించి, స్వయంగా జర్మన్‌లోకి అనువదించి ఒక ప్రసిద్ధ జర్మన్ భౌతిక శాస్త్ర పత్రికలో ప్రచురింపజేశాడు. అంతటితో ఆగక, అదే పద్ధతిని పరమాణువులకు కూడా వర్తింపజేశాడు. అతి శీతల స్థితిలో పరమాణువులు అత్యల్ప శక్తి స్థాయికి గుంపుగా చేరతాయని ఊహించాడు.

బోస్ లెక్కింపు పద్ధతి

రెండు బంతులను రెండు పెట్టెలలో వేయాలనుకుందాం. బంతులను వేరువేరుగా గుర్తించగలిగితే నాలుగు అమరికలు వస్తాయి: రెండూ మొదటి పెట్టెలో, రెండూ రెండవ పెట్టెలో, చెరొక పెట్టెలో రెండు విధాలుగా. బంతులు ఏ విధంగానూ గుర్తుపట్టలేనివైతే చివరి రెండు అమరికలూ ఒక్కటే అవుతాయి. అప్పుడు మిగిలేవి మూడే. రెండూ ఒకే పెట్టెలో ఉండే అవకాశం నాలుగింట రెండు వంతుల నుంచి మూడింట రెండు వంతులకు పెరుగుతుంది. కాంతి కణాలు రెండవ రకపు బంతుల వంటివని బోస్ పద్ధతి సారాంశం. ఒకే స్థితిలో గుమికూడే ఈ స్వభావమే లేజర్ కాంతికి ఆధారం.

ఐరోపా పర్యటన

ఐన్‌స్టీన్ నుంచి వచ్చిన ఒక పోస్టుకార్డు చూసి ఢాకా విశ్వవిద్యాలయం బోస్‌కు రెండేళ్ళ సెలవు మంజూరు చేసింది. ఆయన పారిస్‌లో పాల్ లాంజెవిన్, మేరీ క్యూరీలను కలిసి, మారిస్ డి బ్రోయ్ ప్రయోగశాలలో ఎక్స్-కిరణాల పద్ధతులు నేర్చుకున్నాడు. 1925లో బెర్లిన్ వెళ్ళి ఐన్‌స్టీన్‌ను కలుసుకున్నాడు. 1926లో ఢాకాకు తిరిగి వచ్చాడు. డాక్టరేటు లేకపోయినా, ఐన్‌స్టీన్ సిఫారసు తోడ్పడగా ప్రొఫెసరు పదవి లభించింది.

బోసాన్ అనే పదం

ఈ పదాన్ని సృష్టించినవాడు ఆంగ్ల శాస్త్రవేత్త పాల్ డిరాక్. ప్రకృతిలోని కణాలు రెండు జాతులు. స్పిన్ విలువ 0, 1, 2 వంటి పూర్ణాంకమైతే అవి బోసాన్లు. 1/2, 3/2 వంటి అర్ధపూర్ణాంకమైతే, ఎన్రికో ఫెర్మీ పేరు మీద, ఫెర్మియాన్లు. ఎలక్ట్రాన్, ప్రోటాన్, న్యూట్రాన్ ఫెర్మియాన్లు. ఇవి రెండు ఒకే స్థితిలో ఇమడవు. ఫోటాన్, గ్లూయాన్, డబ్ల్యు, జెడ్ కణాలు బోసాన్లు. హీలియం-4 పరమాణువు వంటి సంయుక్త కణాలు కూడా బోసాన్లే.

2012 జూలై 4న హిగ్స్ బోసాన్ ఆవిష్కరణను సెర్న్ ప్రకటించినప్పుడు, ఆ కణాన్ని బోస్ ఊహించాడన్న అపోహ మన దేశంలో వ్యాపించింది. ఇది సరి కాదు. దానికి మూలమైన సిద్ధాంతాన్ని పీటర్ హిగ్స్, ఫ్రాంస్వా ఆంగ్లేర్ తదితరులు 1964లో ప్రతిపాదించారు. బోసాన్ అన్నది ఇంటిపేరు వంటిది, హిగ్స్ అన్నది సొంతపేరు వంటిది. ఈ పదాన్ని ఆంగ్లంలో చిన్న అక్షరంతో మొదలుపెట్టడం అగౌరవమని కొందరు భావిస్తారు. వోల్టు, ఆంపియర్, ఫెర్మియాన్ పదాలకూ అదే మర్యాద. వ్యక్తి పేరు సామాన్య నామంగా మారడం శాస్త్రలోకంలో అరుదైన గౌరవం.

మాతృభాషలో విజ్ఞానం

1945లో బోస్ కలకత్తా విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చి 1956 వరకు పనిచేశాడు. తరువాత రెండేళ్ళు విశ్వభారతి ఉపకులపతిగా ఉన్నాడు. విజ్ఞానాన్ని మాతృభాషలో బోధించాలని గట్టిగా వాదించి, 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించాడు. ఆ సంస్థ బెంగాలీలో ఒక విజ్ఞాన మాసపత్రికను వెలువరించింది. అంతకు ముందే, 1937లో, రవీంద్రనాథ్ ఠాగూర్ తన విజ్ఞాన గ్రంథం విశ్వపరిచయ్‌ను బోస్‌కు అంకితమిచ్చాడు. బోస్ ఎస్రాజ్ వాద్యాన్ని చక్కగా వాయించేవాడు.

గౌరవాలు

1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యాడు. 1954లో పద్మవిభూషణ్, 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించాయి. తరువాత జాతీయ ఆచార్యునిగా నియమితుడయ్యాడు. నోబెల్ బహుమతికి పలుమార్లు ప్రతిపాదన జరిగినా అది దక్కలేదు. ఐన్‌స్టీన్ ఊహించిన ఘనీభవనాన్ని 1995లో అమెరికాలో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ రుబీడియం పరమాణువులతో సాధించారు. అదే ఏడాది వుల్ఫ్‌గాంగ్ కెటర్లీ సోడియంతో సాధించాడు. ఈ ముగ్గురికీ 2001లో నోబెల్ బహుమతి లభించింది.

బోస్ తన ఎనభయ్యవ ఏట కలకత్తాలో మరణించాడు. ఆయన పేరిట 1986లో ఆ నగరంలో మౌలిక విజ్ఞాన పరిశోధనకు ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది.