ఫిలిప్ హెన్రీ గాస్

ఫిలిప్ హెన్రీ గాస్ (ఏప్రిల్ 6, 1810 - ఆగష్టు 23, 1888) ఇంగ్లాండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త, రచయిత, చిత్రకారుడు. ఉప్పునీటి అక్వేరియంను సామాన్యుల ఇళ్ళకు చేర్చినవారిలో ముఖ్యుడు. అక్వేరియం అనే పదం నేటి అర్థంలో ప్రచారంలోకి వచ్చినది ఈయన 1854లో ప్రచురించిన గ్రంథంతోనే. సముద్రానికి దూరంగా ఉన్న ఊరిలో ఏ నీటిలో ఏ లవణాలు కలిపితే సముద్రజీవులు బ్రతుకుతాయో ఈయన స్వయంగా ప్రయోగం చేసి చూపాడు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి మెట్ట ప్రాంతాలలో సముద్రజీవులను పెంచదలచినవారికి నేటికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే.

బాల్యం, ప్రవాసం

గాస్ ఇంగ్లాండులోని వుస్టర్ నగరంలో జన్మించాడు. తండ్రి థామస్ గాస్ ఊరూరా తిరిగి చిన్న చిన్న రూపచిత్రాలు గీసి జీవించే చిత్రకారుడు. గాస్ బాల్యం డార్సెట్ తీరంలోని పూల్ అనే రేవు పట్టణంలో గడిచింది. కుటుంబ ఆర్థిక పరిస్థితుల వలన చిన్న వయసులోనే ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. 1827లో న్యూఫౌండ్‌లాండ్‌లోని కార్బనియర్‌కు వెళ్ళి ఒక వర్తక సంస్థలో గుమాస్తాగా పనిచేశాడు. 1832లో సూక్ష్మదర్శినిని గురించిన ఒక పుస్తకం కొని చదివిన తరువాత కీటకాల అధ్యయనంపై ఆసక్తి పెరిగింది. 1835లో కెనడాలో వ్యవసాయం చేపట్టాడు గాని అది కలసిరాలేదు. 1838లో అమెరికాలోని అలబామాలో కొంతకాలం ఉపాధ్యాయుడుగా పనిచేసి, 1839లో స్వదేశానికి తిరిగి వచ్చాడు. మరుసటి సంవత్సరం తన మొదటి గ్రంథం 'ది కెనడియన్ నేచురలిస్ట్' వెలువడింది. 1844లో జమైకా వెళ్ళి సుమారు ఏడాదిన్నర అక్కడ ఉండి పక్షులను అధ్యయనం చేశాడు.

సముద్రతీర పరిశోధన

1852లో ఆరోగ్యం దెబ్బతినడంతో గాస్ విశ్రాంతికై డెవన్ తీరానికి వెళ్ళాడు. అక్కడి రాతిగుంటలలోని సముద్రపు ఎనిమోన్లను (పువ్వువలె విచ్చుకొనే మెత్తని జీవులు), పీతలను, నత్తలను గాజుపాత్రలలో ఉంచి పరిశీలించాడు. నీటిలో మొక్కలు, జంతువులు తగు పాళ్ళలో ఉంటే ఒకదానికొకటి ఆధారమవుతాయని లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లోనే చూపి ఉన్నాడు. గాస్ కూడా ఈ దారిలోనే సముద్రజీవులతో ప్రయోగాలు సాగించాడు. 1853 మే నెలలో లండన్ రీజెంట్స్ పార్కు జంతు ప్రదర్శనశాలలో ప్రజల కొరకు మత్స్యశాల ప్రారంభమైనపుడు, దానికి కావలసిన సముద్రజీవులను సేకరించడంలో తోడ్పడ్డాడు. 1854లో 'ది అక్వేరియం', 1855లో దానికి సంబంధించిన కరదీపిక వెలువడ్డాయి. 1856లో రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు.

కృత్రిమ సముద్రజలం

లండన్ వాసులకు సముద్రపు నీరు తెప్పించుకోవడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని. అందువలన గాస్ 1854లో సముద్రజలాన్ని ఇంటివద్దనే తయారుచేసే పద్ధతిని ప్రకటించాడు. బ్రైటన్ తీరపు నీటిని ష్వైట్జర్ అనే రసాయనవేత్త విశ్లేషించిన ఫలితాలు దీనికి ఆధారం. మూడున్నర ఔన్సుల (సుమారు 99 గ్రాములు) తినే ఉప్పు, పావు ఔన్సు (7 గ్రాములు) భేదిఉప్పు అనగా మెగ్నీషియం సల్ఫేట్, 200 గ్రెయిన్ల (13 గ్రాములు) మెగ్నీషియం క్లోరైడ్, 40 గ్రెయిన్ల (2.6 గ్రాములు) పొటాషియం క్లోరైడ్ - వీటిని ఒక గాలనుకు (సుమారు 4.5 లీటర్లు) కొంచెం తక్కువైన నీటిలో కరిగించాలి.

ఇందుకు గాస్ ఎంచుకొన్నది లండన్‌కు 1613 నుండి కాలువ ద్వారా సరఫరా అవుతున్న న్యూ రివర్ నీరు. ఉప్పు కరిగించిన ఈ నీటిని స్పాంజి గుండా వడగట్టాడు. వెంటనే జంతువులను వదలలేదు. ముందుగా పచ్చని సముద్రపు నాచును ఉంచి కొన్ని రోజులు ఆగి, ఆ తరువాతనే జీవులను చేర్చాడు. అవి ఆరోగ్యంగా బ్రతికాయి.

ఈ సూత్రంలో సున్నపు లవణాలు లేవు. అడుగున వేసే గవ్వల, పగడాల ముక్కల నుండి కాల్షియం కార్బొనేట్ లభిస్తుందని గాస్ భావించాడు. న్యూ రివర్ నీరు సుద్దరాతి నేలల ఊటల నుండి వచ్చేది కనుక అందులోనూ సున్నం కరిగి ఉంటుంది. అనగా ఆయన ప్రయోగంలో నీరు కేవలం ద్రావణి కాదు, అదీ ఒక దినుసే. ఇదే సూత్రాన్ని స్వేదనజలంతో కలిపితే నీటి నుండి రావలసిన కాల్షియం అందదు.

నేటి అవగాహన

ఇప్పుడు దుకాణాలలో లభించే సముద్ర లవణ మిశ్రమాలలో కాల్షియంతో సహా కావలసినవన్నీ ఉంటాయి. కాబట్టి వీటిని శుద్ధజలంలోనే కలపాలి. కుళాయి నీటిలోని క్లోరిన్, రాగి సముద్రజీవులకు హానికరం. ముఖ్యంగా ఎనిమోన్లు, రొయ్యలు, నత్తలు కొద్దిపాటి రాగికే చనిపోతాయి. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, సిలికేట్లు ఉంటే నాచు విపరీతంగా పెరుగుతుంది.

రివర్స్ ఆస్మాసిస్ (ఆర్.ఓ.) పద్ధతికి పనికివచ్చే పొరను 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ రూపొందించారు. ఈ పద్ధతిలో కరిగిన లవణాలలో అధికభాగం తొలగిపోతుంది. మిగిలినవాటిని అయాన్లను తొలగించే రెజిన్ గుండా పంపి తీసివేయవచ్చు. తాగునీటి క్యానులలోని నీటికి రుచికై మరల ఖనిజాలు కలపడం కద్దు. అందువలన టి.డి.ఎస్. మీటరుతో కొలిచి, సున్నాకు దగ్గరగా ఉన్న నీటినే వాడడం మంచిది.

నీరు ఆవిరైనపుడు లవణాలు తొట్టెలోనే ఉండిపోతాయి. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పునీటిని గాక శుద్ధమైన మంచినీటినే పోయాలి. రాయలసీమ మెట్టలలో బోరు నీరు తరచు కఠినజలమై ఉంటుంది. వేసవిలో దానినే దినదినం పోస్తూ ఉంటే అందులోని లవణాలు తొట్టెలో పేరుకొంటాయి. నీరు చూడడానికి తేటగానే ఉంటుంది గాని లోపలి జీవులు క్రమంగా క్షీణిస్తాయి. ఆర్.ఓ. యంత్రం వదిలివేసే నీరు గణనీయమైనది. నీటి ఎద్దడి గల ఊళ్ళలో దానిని ఇల్లు కడగడానికి వినియోగించుకోవడం ఉచితం.

జనాదరణ, దాని పర్యవసానం

1845లో ఇంగ్లాండులో గాజుపై పన్ను రద్దు కావడం, రైలుమార్గాలు తీరానికి చేరడం, గాస్ గ్రంథాలలోని వర్ణచిత్రాలు - ఇవన్నీ కలసి అక్వేరియంను ఒక వేలంవెర్రిగా మార్చాయి. జనం గుంపులుగా తీరానికి వచ్చి రాతిగుంటలను ఊడ్చివేశారు. తాను ప్రేమించిన తీరం తన పుస్తకాల వలననే బోసిపోయిందని గాస్ తీవ్రంగా బాధపడినట్లు కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో ప్రచురించిన స్మృతిగ్రంథంలో పేర్కొన్నాడు.

ఈ ఆసక్తి క్రమంగా ఇతర దేశాలకూ వ్యాపించింది. ఎడ్గార్ థర్‌స్టన్ చొరవతో 1909లో మద్రాసు మెరీనా తీరాన సముద్ర అక్వేరియం వెలసింది. తరువాతి కాలంలో అది మూతబడింది. అప్పట్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.

వ్యక్తిగత జీవితం, చివరి రోజులు

గాస్ 1848లో ఎమిలీ బౌస్‌ను వివాహమాడాడు. 1849లో ఎడ్మండ్ జన్మించాడు. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ రొమ్ము క్యాన్సర్‌తో మరణించింది. గాస్ గాఢమైన క్రైస్తవ విశ్వాసి. భూమి పురాతనమైనదిగా కనిపించేటట్లే సృష్టించబడిందని వాదిస్తూ అదే సంవత్సరం 'ఓంఫలోస్' గ్రంథాన్ని ప్రచురించాడు. దానిని శాస్త్రజ్ఞులు గాని, మతవిశ్వాసులు గాని అంగీకరించలేదు. ఆ సంవత్సరమే కుమారునితో డెవన్‌లోని సెయింట్ మేరీచర్చ్‌కు తరలివెళ్ళి, 1860 నాటికి బ్రిటిష్ ఎనిమోన్లపై 'ఆక్టినాలజియా బ్రిటానికా' అనే ప్రామాణిక గ్రంథాన్ని పూర్తిచేశాడు. 1860లో ఎలిజా బ్రైట్‌వెన్‌ను పునర్వివాహం చేసుకొన్నాడు. 1888 ఆగష్టు 23న సెయింట్ మేరీచర్చ్‌లోని స్వగృహంలో మరణించాడు.

ఓంఫలోస్ వాదాన్ని శాస్త్రం తోసిపుచ్చింది. కాని నీటిని విశ్లేషించి, లవణాలను తూచి, కొన్ని రోజులు వేచి చూసి, ఆ తరువాతనే జీవులను వదలాలనే గాస్ పద్ధతిని ఉప్పునీటి అక్వేరియం పెంపకందారులు నేటికీ అనుసరిస్తున్నారు.