గురజాడవారు విన్న మాట, వినని మాట

గురజాడ వేంకట అప్పారావుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన యస్. రాయవరమున జన్మించి, విజయనగరమున విద్య నభ్యసించి, యచ్చటి సంస్థానము నాశ్రయించి జీవించిరి. 1915 నవంబరు 30వ తేదీన పరమపదించిరి. ఏబదిమూడేండ్ల యీ జీవితమున వారికి హితవు చెప్పినవారికి కొదవ లేదు. అందేది విని యేది విడిచిరో దానినే యిచ్చట వ్రాయ దలంచితిని.

యౌవనమున వారికి ఆంగ్లకవితపై మక్కువ మెండు. 1883లో వారు రచించిన సారంగధర యను ఆంగ్లకావ్యము కలకత్తాలోని రయీస్ అండ్ రయ్యత్ పత్రికలోను ముద్రిత మయ్యెను. పత్రికాధిపతి శంభుచంద్ర ముఖర్జీగారు కావ్యమును మెచ్చుచునే, పరభాషలో నెంత నేర్పు చూపినను అది పరభాషయే గావున, స్వభాషలో వ్రాయుట మేలని తెలియజేసిరి. మెప్పును దాచుకొని హితవును మరచుట లోకసామాన్యము. అప్పారావుగా రట్లు చేయలేదు. కన్యాశుల్కము 1892లో ప్రదర్శిత మయ్యెను. 1897లో అచ్చయి ఆనందగజపతి మహారాజునకు అంకిత మయ్యెను. అయినను దాని పీఠికను, తమ దినచర్యను ఆంగ్లముననే వ్రాసిరి. హితవు వినుట యనగా మొత్తము వినుట కాదు గదా!

ఇక వినని మాట. వ్యావహారికము గ్రంథములకు తగదని పండితుల నిశ్చయము. వేదము వేంకటరాయశాస్త్రిగారంతటివారును నాటకమున నీచపాత్రలకే దాని నిచ్చిరి. అప్పారావుగారు పాత్రలన్నింటికి నిచ్చిరి. 1909లో నాటకమును క్రొత్త గ్రంథమా యనునట్లు పెంచి వ్రాసినప్పుడైనను ఆ పలుకును మార్చలేదు. మరుసటి యేడు ముత్యాల సరములను మాత్రాఛందస్సున రచించిరి.

గ్రంథభాషను విడువజాలని నేను దానిని విడిచినవారి చరిత్ర వ్రాయుట చూచి చదువరులు నవ్వవచ్చును. నేను గ్రామ లెక్కలు వ్రాయువాడను. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలసి వినబడు మా నారాయణఖేడు సీమలో రైతు పలికిన పేరునే పహాణీకెక్కింతును. కలము కాగితము మీదికి వచ్చిన వేరొక పని యైనచో చేయి తనంత తానే గ్రంథమునకు మరలును. చిన్ననాడు ఒక పెద్దమనిషి చెప్పిన మాటను పరీక్షింపకయే విన్నందులకు ఫలమిది.

మద్రాసు విశ్వవిద్యాలయము తెలుగు వ్యాసరచనకై సంఘము నేర్పరచెను. జయంతి రామయ్య పంతులుగారు గ్రంథభాషా పక్షమునకు నాయకులు. సహాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారితో నిలిచి, ఆరోగ్యము చెడియున్నను, అప్పారావుగారు 1914లో దీర్ఘమైన అసమ్మతి పత్రమును సమర్పించిరి. విశ్వవిద్యాలయము గ్రంథభాషనే మన్నించెను. మరుసటి యేటనే వారు గతించిరి.

మన గ్రంథాలయమున కన్యాశుల్కము ప్రతికి ఇదివరకే రెండుమార్లు అట్ట వేయించితిమి. ఈ యేడు మరల వేయింపవలసి యున్నది.