బంగారు సూత్రం దుకాణం

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో కూర్చుని విదేశీ దుకాణాల ఆర్డర్లు, లెక్కలు చూసే యౌవనస్థులు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. ఉద్యోగానికీ ఇంటికీ మధ్య నలిగిపోతున్నామని ప్రార్థన విన్నపాలలో రాసేవారూ వారిలో ఉన్నారు. వారిని తలచుకొని ఈ వారం జేమ్స్ క్యాష్ పెన్నీ జీవితాన్ని జ్ఞాపకం చేసుకుంటున్నాము. క్యాష్ అన్నది వ్యాపారి అయ్యాక పెట్టుకున్న పేరు కాదు. తండ్రి పేరు కూడా అదే.

1875లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, హామిల్టన్ దగ్గర పొలంలో ఆయన పుట్టాడు. తండ్రి వ్యవసాయం చేసుకుంటూ జీతం లేకుండా బాప్టిస్టు సంఘంలో వాక్యం చెప్పేవాడు. కొడుక్కి ఎనిమిదేళ్ళు రాగానే నీ బట్టలు నువ్వే కొనుక్కోవాలి అన్నాడు. పిల్లవాడు పందులను పెంచాడు. వాసన భరించలేమని ఇరుగుపొరుగువారు గొణిగితే, లాభం వస్తున్నా సరే వాటిని అమ్మేయమన్నాడు తండ్రి. తరువాత లాంగ్‌మాంట్ పట్టణంలో పెన్నీ మాంసం కొట్టు పెట్టినప్పుడు, హోటలు వంటమనిషికి వారం వారం విస్కీ సీసా ఇస్తేనే బేరం నిలుస్తుందని తేలింది. ఆయన ఇవ్వలేదు. కొట్టు పోయింది.

1902 ఏప్రిల్ 14న వ్యోమింగ్‌లోని కెమ్మెరర్ అనే బొగ్గు గనుల ఊరిలో 'గోల్డెన్ రూల్' దుకాణం తెరిచాడు. మత్తయి 7:12లోని బంగారు సూత్రమే ఆ పేరు. మూడో వంతు వాటాకు 2,000 డాలర్లు కావాలి. తనవి 500, మిగతా 1,500 అప్పు. భార్య బెర్తా, పసివాడు, తాను దుకాణం పైన అటక మీదే కాపురం. గని కంపెనీ దుకాణంలో అరువు మీద బతికే ఊరిలో ఆయన నగదుకే, అందరికీ ఒకే ధరకే అమ్మాడు. నవ్వినవారు ఉన్నారు. మొదటి రోజు రాబడి 466 డాలర్ల 59 సెంట్లు.

ఆయన పద్ధతిలో మాకు నచ్చేది ఇది: ఒక మేనేజరు తన కింద ఒకరిని తీర్చిదిద్దితే, అతడు కొత్త దుకాణంలో మూడో వంతు భాగస్వామి కావచ్చు. 1929 నాటికి దుకాణాలు 1,400 దగ్గరకు చేరాయి.

ఇంట్లో మాత్రం వేరే కథ నడిచింది. 1910లో బెర్తా న్యుమోనియాతో కన్నుమూసింది. ఇద్దరు మగపిల్లలు తల్లిలేనివారయ్యారు. రెండో భార్య మేరీ ఒక కొడుకును కని 1923లో వెళ్ళిపోయింది. 1926లో కరోలిన్‌ను పెళ్ళాడాక ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆయన మంచి తండ్రే కావచ్చు. కానీ దుకాణాలు పెరిగేకొద్దీ ప్రయాణాలు పెరిగాయి, ఆ మొదటి ఏళ్ళు మళ్ళీ రాలేదు.

1929లో మార్కెట్ కూలింది. దానధర్మాలకూ ఫ్లోరిడా భూములకూ తన షేర్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పులు మీదపడ్డాయి. ఆస్తి కరిగింది, ఆరోగ్యం చెడింది. బాటిల్ క్రీక్ వైద్యశాలలో ఒక రాత్రి, తెల్లవారేసరికి ఉండననుకొని భార్యాపిల్లలకు వీడ్కోలు ఉత్తరాలు రాశాడు. తెల్లవారింది. ప్రార్థనా మందిరంలో దేవుని కాపుదలను గురించిన పాట వినిపించింది. లోపలికి వెళ్ళి వెనక కూర్చున్నాడు. చిన్ననాటి నుండి భక్తి గల ఇంట్లో పెరిగినా, దేవుడు తనను పట్టుకున్నది ఆ ఉదయమేనని ఆయన తన సాక్ష్యంలో చెప్పేవాడు. అప్పటికి యాభై ఐదేళ్ళు దాటాయి.

మళ్ళీ నిలదొక్కుకున్నాడు. 1946లో చైర్మన్ పదవి వదిలాడు గాని ఆఫీసుకు వెళ్ళడం మానలేదు. 1971 ఫిబ్రవరి 12న, 95 ఏళ్ళ వయసులో న్యూయార్కులో చనిపోయాడు.

మంచి రోజుల్లో, 1920లలో, ఫ్లోరిడాలో తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఒక పని చేశాడు. తన తండ్రిలాగా జీతం, పింఛను లేకుండా పరిచర్య చేసి ముసలివారైన కాపరులకు ఇళ్ళు కట్టించాడు. ఆయన ఆస్తి పోయినా ఆ ఇళ్ళు నిలిచాయి. పెన్నీ ఫార్మ్స్ అనే ఆ ఊరిలో పదవీ విరమణ చేసిన వృద్ధులు ఇప్పటికీ నివసిస్తున్నారు.