కుడి భుజం ఎత్తుగా ఉన్న రాజు

ఎత్నిక్ డేకి కుర్తా కుట్టించుకుందామని వెళ్తే టైలర్ నా భుజాల మీద టేపు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. తిన్నగా నిలబడమన్నాడు. నేను తిన్నగానే నిలబడ్డాను. చివరికి కుడి భుజం ముప్పావు అంగుళం ఎత్తుగా ఉందని తేల్చి, ఎడమ పక్క చిన్న ప్యాడ్ వేస్తే ఎవరికీ తెలియదని ధైర్యం చెప్పాడు. బ్యాగ్ పట్టీ ఎప్పుడూ ఎడమ భుజం మీంచే ఎందుకు జారుతుందో నాకప్పుడు అర్థమైంది.

ఎక్స్‌రే తీయిస్తే పేరు తేలింది. స్కోలియోసిస్. వెన్నెముక పక్కకి వంగి, వంగిన చోట కాస్త మెలి కూడా తిరుగుతుంది. వంపుకి పైన బాగా వాలిన పూసకొక గీత, కింద బాగా వాలిన పూసకొక గీత గీసి, రెండింటి మధ్య కోణం కొలుస్తారు. దాన్ని కాబ్ యాంగిల్ అంటారు. మన ఫస్టియర్ గ్రాఫిక్స్ షీటే అనుకోండి, కాకపోతే కాగితం బదులు మనిషి. నాది 26 డిగ్రీలు. ఇంటికొచ్చి దాని గురించి వెతుకుతుంటే ఒక ఇంగ్లండ్ రాజు తగిలాడు. అతనిది 65కీ 85కీ మధ్య ఉండేదట. పేరు మూడో రిచర్డ్.

పేరు మీరూ వినే ఉంటారు, షేక్‌స్పియర్ పుణ్యమా అని. నాటకంలో అతనికి గూని, కుంటి నడక, ఎండిపోయిన చెయ్యి. మనసు అంతకంటే వంకర. మనకి ఇది కొత్తేం కాదు. రామాయణంలో చెడు సలహా ఇచ్చిన మంథరకి గూనే. ఒళ్లు వంకరైతే బుద్ధీ వంకరేనన్న లెక్క ఎక్కడైనా ఒకటే.

అసలు మనిషి 1452 అక్టోబరు 2న ఫోథరింగే కోటలో పుట్టాడు. యార్క్ డ్యూక్ కొడుకుల్లో చిన్నవాడు. ఎనిమిదేళ్లప్పుడు తండ్రి వేక్‌ఫీల్డ్ యుద్ధంలో చనిపోయాడు. కొన్ని నెలలకే పెద్దన్న ఎడ్వర్డ్ రాజయ్యాడు, వీడు గ్లౌస్టర్ డ్యూక్ అయ్యాడు. తర్వాత యార్క్‌షైర్‌లోని మిడిల్‌హామ్ కోటలో గుర్రపు స్వారీ, కత్తి, బల్లెం నేర్చుకున్నాడు.

నాకు ఆసక్తి కలిగింది ఇక్కడే. అతని వంపు పుట్టుకతో వచ్చింది కాదు, పదేళ్లు దాటాక మొదలైందని ఎముకలు చూసినవాళ్లు తేల్చారు. అంటే మిడిల్‌హామ్‌లో ఇనుప కవచం మోస్తూ సాధన చేసే వయసులోనే ఏడాదికేడాది వెన్ను వంగుతూ పోయి ఉండాలి. పక్కన అదే వయసు కుర్రాళ్లు తిన్నగా పెరుగుతుంటారు. మన హాస్టల్లో టీషర్టు మార్చుకోవడానికి బాత్రూంలోకి వెళ్లేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అయినా 1471లో, పద్దెనిమిదేళ్లకే బార్నెట్‌లో, ట్యూక్స్‌బరీలో అన్న తరఫున పోరాడాడు. తర్వాత ఆన్ నెవిల్‌ని పెళ్లి చేసుకున్నాడు. పదేళ్లకి పైగా ఉత్తరాదిని అన్న కోసం చూసుకున్నాడు.

1483 ఏప్రిల్‌లో అన్న చనిపోయాడు. వారసుడికి పన్నెండేళ్లు. పిల్లాడి తరఫున పాలన చూడాల్సిన బాబాయి జూలై 6న తనే కిరీటం పెట్టుకున్నాడు. అన్న పెళ్లి చెల్లదు కాబట్టి పిల్లలకి హక్కు లేదన్నది సాకు. మధ్యలో హేస్టింగ్స్ ప్రభువు తల విచారణ లేకుండానే ఎగిరిపోయింది. ఇద్దరు అన్నకొడుకులూ లండన్ టవర్‌లో కొన్నాళ్లు కనిపించారు, తర్వాత కనిపించలేదు. వాళ్లనేం చేశారన్నది ఇప్పటికీ తేలలేదు. నా భుజమూ అలాంటిదే కదా అని నేను అతన్ని వెనకేసుకు రాలేను. కాపాడమని అప్పగించిన పిల్లలు కాపలాలోంచే మాయమైతే జవాబు చెప్పాల్సింది కాపలాదారే. కానీ ఆ జవాబు అతని వెన్నుపూసల్లో వెతకడమే నాకు నచ్చనిది.

రాజుగా దక్కినవి రెండేళ్ల చిల్లర. 1484 పార్లమెంటులో అనుమానం మీద పట్టుకున్నవాళ్లకి బెయిల్ ఇచ్చే చట్టం చేయించాడు, కానుకల పేరుతో రాజు బలవంతంగా గుంజే డబ్బుని రద్దు చేయించాడు. ఆ ఏడే ఒక్కగానొక్క వారసుడైన కొడుకు చనిపోయాడు. మరుసటేడు మార్చిలో భార్య పోయింది. 1485 ఆగస్టు 22న బోస్వర్త్ దగ్గర హెన్రీ ట్యూడర్‌తో యుద్ధం. రిచర్డ్ నేరుగా హెన్రీ మీదికే గుర్రం తోలాడు, హెన్రీ జెండా మోసేవాణ్ని చంపేంత దగ్గరికి వెళ్లాడు. అప్పటిదాకా పక్కన నిలబడి చూస్తున్న స్టాన్లీ సైన్యం హెన్రీ వైపు దిగింది. అక్కడితో అయిపోయింది. వయసు 32. యుద్ధంలో చనిపోయిన చివరి ఇంగ్లండ్ రాజు అతనే.

శవాన్ని బట్టల్లేకుండా గుర్రం మీద వేసి లెస్టర్ తీసుకెళ్లారు. వంపు ఊరందరి కళ్లబడింది అప్పుడే అనుకుంటాను. ఎందుకంటే బతికుండగా దాని గురించి రాసినవాళ్లు కనపడరు. చనిపోవడానికి ఏడాది ముందు అతని దగ్గర వారం పైగా ఉన్న ఒక విదేశీ అతిథి, రాజు సన్నగా తనకంటే పొడుగ్గా ఉన్నాడని రాశాడే తప్ప భుజాల ఊసెత్తలేదు. చచ్చాక మాత్రం అందరికీ కళ్లొచ్చాయి. జాన్ రౌస్ అనే ఆయన రిచర్డ్ ఉన్నన్నాళ్లు పొగిడి, హెన్రీ రాగానే మాట మార్చి, రెండేళ్లు తల్లి కడుపులో ఉండి పళ్లతో పుట్టాడని రాశాడు. కానీ కుడి భుజం ఎత్తు, ఎడమది పల్లం అని కూడా రాశాడు. కొన్నేళ్ల తర్వాత థామస్ మోర్ ఎడమదే ఎత్తన్నాడు. విండ్సర్‌లోని రాజు బొమ్మని ఎక్స్‌రే తీస్తే, కుడి భుజం గీత మీద తర్వాత రంగు పూసి ఇంకా పైకి లేపినట్టు బయటపడింది. టైలర్ ఎడమ పక్క ప్యాడ్ పెట్టి నన్ను సమం చేస్తే, వీళ్లు కుడి పక్క ప్యాడ్ పెట్టారన్నమాట.

2012 ఆగస్టులో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ తవ్వితే, పాత గ్రేఫ్రయర్స్ మఠం నేల కింద ఎముకలు దొరికాయి. గొయ్యి పొట్టిగా ఉండటంతో తల సరిగ్గా ఆనలేదు, పాదాలు లేవు. పుర్రె మీదే తొమ్మిది గాయాలు. అక్క సంతతిలో ఇప్పుడు బతికున్నవాళ్ల డీఎన్ఏతో పోల్చి, అది రిచర్డేనని 2013 ఫిబ్రవరి 4న ప్రకటించారు. వెన్నెముకని స్కాన్ చేసి త్రీడీ ప్రింట్ తీసి అమర్చి చూస్తే వంపు కుడి పక్కకే. కుడి భుజమే ఎత్తు. ఊసరవెల్లి రౌస్ ఈ ఒక్క ముక్క నిజమే రాశాడు. ఎండిన చెయ్యి లేదు. కుంటి నడకకి ఆధారం లేదు. వంపు లేకపోతే 5 అడుగుల 8 అంగుళాలు ఉండేవాడు. కాస్త బాగా కుట్టిన బట్టలేసుకుంటే బయటికి పెద్దగా తెలిసేది కూడా కాదని పరిశోధకుల మాట. 2015 మార్చిలో లెస్టర్ కెథడ్రల్‌లో మళ్లీ సమాధి చేశారు.

నాకు మాత్రం అతని కవచం చేసిన కమ్మరి గుర్తొస్తున్నాడు. ఉక్కుని ఒంటికి అతికినట్టు సాగగొట్టాలంటే రెండు భుజాలూ విడివిడిగా కొలవాల్సిందే. కొలిచి, మళ్లీ కొలిచి, రాజుని తిన్నగా నిలబడమని అడగలేక, లోపల ఎక్కడో మెత్తగా ఏదో పెట్టి ఉంటాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పినట్టు లేదు.

నా కుర్తా శనివారం వచ్చింది.