ఆల్చిప్పలకు పేర్లు పెట్టిన లామార్క్

తెలుగునాట ఆల్చిప్పను ఎరుగనివారు అరుదు. చెరువుగట్టున దొరికిన చిప్పను రాతిమీద అరగదీసి, చిల్లు చేసి, దానితో మామిడికాయ చెక్కు తీసిన చేతులు మన పెద్దలవి. ఆ చెరువు ఆల్చిప్పకు శాస్త్రలోకంలో నిలిచిన పేరు పెట్టినవాడు లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. మన హామిల్టన్‌కు దక్షిణాన ఉన్న ఈరీ సరస్సులోని ఒక ఆల్చిప్పకు నామకరణం చేసినదీ ఆయనే.

లామార్క్ 1744 ఆగస్టు 1న ఉత్తర ఫ్రాన్సులో, ఆస్తి కరిగిపోయిన ఒక కులీన కుటుంబంలో పదకొండవ సంతానంగా జన్మించాడు. యువకుడిగా సైన్యంలో చేరి యుద్ధం చేశాడు. తర్వాత వృక్షశాస్త్రం వైపు మళ్ళి, 1778లో ఫ్రాన్సు దేశపు మొక్కలపై గ్రంథం రాసి పేరు పొందాడు. 1793లో పారిస్ మ్యూజియంలో ఆయనకు దక్కినది పురుగుల శాఖ. నత్తలు, గవ్వలు, ఆల్చిప్పలు అన్నీ అందులోనివే. అప్పటికి ఆయనకు దాదాపు 50 ఏళ్ళు. ఆ వయసులో మళ్ళీ విద్యార్థి అయ్యాడు.

వెన్నెముక లేని ప్రాణులపై 1815 నుండి 1822 వరకు ఏడు సంపుటాలు వెలువరించాడు. చిప్పల కీలు దగ్గరి పళ్ళు, లోపలి కండరాల గుర్తులు చూసి రెండు చిప్పల జీవులను వర్గాలుగా విడదీశాడు. 1819 నాటి సంపుటంలో మన చెరువు ఆల్చిప్ప ‘యూనియో మార్జినాలిస్’ అయింది. నల్లగా, పొడవుగా ఉండే ఈరీ ఆల్చిప్ప ‘యూనియో రెక్టా’ అయింది. వేల మైళ్ళ దూరంలోని రెండు ప్రాణులకు ఆయన ఒకే ఇంటిపేరు ఇచ్చాడు.

ఆ రోజుల్లోనే ఆయన కంటిచూపు పోసాగింది. చివరికి పూర్తిగా అంధుడైతే, ఆయన చెప్తుండగా కుమార్తె రాసిపెట్టింది. ప్రాణులు కాలక్రమాన మారుతాయన్న ఆయన సిద్ధాంతాన్ని సమకాలికులు పరిహసించారు. 1829 డిసెంబరు 18న పేదరికంలో కన్నుమూశాడు. కొన్నేళ్ళకే అద్దెకు తీసుకున్నట్టి సమాధి. ఆ ఎముకలు ఎక్కడ కలిసిపోయాయో ఆనవాలు లేదు.

పేర్లు మాత్రం నిలిచాయి. తరువాతివారు మన ఆల్చిప్పను ‘లామెల్లిడెన్స్’ ప్రజాతికి, ఈరీ ఆల్చిప్పను ‘లిగూమియా’ ప్రజాతికి మార్చారు. ఇంటిపేర్లు మారినా మార్జినాలిస్, రెక్టా అన్న పేర్లు మారలేదు. ప్రజాతి మారిందనడానికి గుర్తుగా, వాటి పక్కన కుండలీకరణాలలో లామార్క్ పేరు, 1819 సంవత్సరం నేటికీ రాస్తారు.

1980ల చివర ఓడల వెంట వచ్చిన జీబ్రా ఆల్చిప్పలు ఈరీలోని స్థానిక ఆల్చిప్పలను చాలావరకు తుడిచిపెట్టాయి. ఏవి తగ్గాయో, ఎంత తగ్గాయో లెక్క తెలిసిందంటే, ముందుగా ఒకరు వాటిని వేరుగా గుర్తించి పేరు పెట్టినందువల్లనే. చిన్నచూపు చూడబడిన ప్రాణుల కోసం కళ్ళు ధారపోసిన ఆ మహనీయుణ్ణి మన పిల్లలు తెలుసుకోవాలి.