బెంజమిన్ ఫ్రాంక్లిన్

తొలకరికి ముందు బోనకల్ పరిసరములందలి చేలలో ఉఱుము వినబడగానే పెద్దలు అర్జునుని పది నామములు స్మరించుట మనమెఱుగుదుము. ఒంటిగా నిలిచిన తాటిచెట్టు తల పిడుగుపాటుకు మాడియుండుటయు కొందఱు చూచియుందురు. ఆ పిడుగును నేలలోనికి మరల్చు నుపాయమును లోకమునకు తెలిపినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్.

ఆతడు 1706 జనవరి 17వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున జన్మించెను. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేయువాడు. పదునేడుగురు బిడ్డల సంసారము. అందుచే ఫ్రాంక్లిన్ 10వ యేట చదువు మాని, 12వ యేట అన్న ముద్రణాలయమున పనికి కుదిరెను. 1723లో ఫిలడెల్ఫియా చేరి, ముద్రాపకుడై ధనమార్జించి, 1748లో ఆ వ్యాపారము విడిచి విద్యుత్పరిశోధనలో మునిగెను.

మెఱుపు విద్యుత్తేయని యాతని యూహ. 1752 జూన్ మాసమున, మబ్బు క్రమ్మినవేళ, కుమారునితో గూడి పట్టుగుడ్డ గాలిపటము నెగురవేసెను. తడిసిన దారపు చివరనున్న తాళపుచెవికి వ్రేలు చేర్పగా నిప్పురవ్వ పుట్టెను. గాలిపటముపై పిడుగు పడలేదు. పడియున్నచో ఆతడు బ్రదుకుట కల్ల. చిత్రములలో ఆ కుమారుడు పసివాడుగా కానవచ్చును గాని, అప్పటికే యాతనికి 20 ఏండ్లు దాటినవి.

ఆ సెప్టెంబరులోనే ఫ్రాంక్లిన్ తన యింటి పొగగొట్టముపై నినుపకడ్డీ నిలిపి, దానినుండి తీగను బావిపంపు ఇనుము వఱకు దింపెను. నడుమ రెండు చిన్న గంటలు వ్రేలాడదీసెను. మేఘము పైకి వచ్చినపుడు అవి తమంత తామే మ్రోగెడివి. భార్య డెబోరా బెదరెడిదట! 1758లో ఆతడు లండనునుండి జాబు వ్రాసి, గంటలను తీగతో కలిపినచో మ్రోత యాగునని తెలిపెను.

కడ్డీ కొన తడినేలలో 3, 4 అడుగులు దిగవలెననియు, పైకొన యింటికప్పును మించి 6, 8 అడుగులు నిలువవలెననియు 1753వ సంవత్సరపు తన పంచాంగమున ప్రకటించెను. ఆ యేడే రష్యాలో రిచ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు భూమితో సంబంధములేని కడ్డీతో పరీక్ష చేయుచుండగా, విద్యుత్తు వేఱు దారిలేక యాతని శరీరముగుండా పోయి ప్రాణము తీసెను.

మొనగల కడ్డీ మేఘములోని విద్యుత్తును మెల్లగా పీల్చి, పిడుగునే రానీయదని ఫ్రాంక్లిన్ మొదట తలచెను. అది పొరపాటు. 1760లో ఫిలడెల్ఫియా వర్తకు నొకని యింటి కడ్డీపై పిడుగు పడి మొన కరగెను. ఇల్లు మాత్రము నిలిచెను. పిడుగు మేఘమునుండి మెట్లుమెట్లుగా దిగుననియు, నేల సమీపించినపుడు ఎత్తైన వస్తువునుండి మఱియొక ధార పైకి లేచి దానిని కలియుననియు నేడు తెలిసినది. ఒంటిచెట్టు క్రింద నిలువరాదనుట యిందుకే. కడ్డీ యా ధారను గోడలపాలు చేయక మట్టిలో కలుపును.

ఈ సాధనముపై ఫ్రాంక్లిన్ హక్కు కోరలేదు, కాసు గడింపలేదు. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసినవారిలో ఆతడొకడు. 1790 ఏప్రిల్ 17వ తేదీన, 84 ఏండ్ల వయస్సున, ఫిలడెల్ఫియాలో మరణించెను.